రుడాల్ఫ్ డీజిల్ - జీవితము, పరిశ్రమ, ఋణము

కొందరు మహనీయుల పేర్లు గ్రంథాలలో నిలుస్తాయి. కొందరి పేర్లు శిలావిగ్రహాల క్రింద నిలుస్తాయి. ఏ ఒకరిద్దరి పేర్లో మాత్రం జనసామాన్యం నోట నిత్యవ్యవహారపు మాటలుగా కలిసిపోయి, అవి మనుషుల పేర్లన్న సంగతే మరుపున పడిపోతుంది. డీజిల్ అటువంటి పేరు. బంకు దగ్గర బండి నిలిపి ఇన్ని లీటర్లు పొయ్యమని అడిగే డ్రైవరు, ఆ మాటతో తాను ఒక జర్మన్ ఇంజనీరును తలుచుకుంటున్నానని ఎరుగడు. మన జంటనగరాలలో ఇటువంటి విచిత్రం ఇంకొకటి ఉన్నది. 1980వ దశకంలో డీసీఎం అనే భారతీయ సంస్థ జపాను దేశపు టొయోటాతో కలిసి చిన్న లారీలను తయారు చేసింది. ఆ సంస్థ పేరు మారిపోయి చాలాకాలమైనా, ఆ పరిమాణంలో ఉన్న బండి ఏ కంపెనీదైనా మనవాళ్ళకు అది డీసీఎమ్మే. పని చేసిపెట్టిన వస్తువు పేరును జనం మరువరు. దాని వెనుకనున్న మనిషిని మాత్రం సులువుగా మరుస్తారు.

ఆ మరచిన మనిషిని మా పాఠకులకు పరిచయం చేయాలని మేము తలపెట్టడానికి ఒక కారణం ఉన్నది. సికింద్రాబాదుకు ఉత్తరాన, నాగపూరుకు పోయే రహదారి మీద బోయిన్‌పల్లి ఉన్నది. అక్కడి కూరగాయల మార్కెట్టుకు తెల్లవారక ముందే చుట్టుప్రక్కల జిల్లాల నుంచి సరుకు చేరుతుంది. టమాట పెట్టెలు, వంకాయ బుట్టలు, పచ్చిమిరప బస్తాలు దించుకొని వచ్చే బండ్లలో పికప్‌లూ, డీసీఎంలూ, ట్రాలీలూ వరుసలు తీరి కనిపిస్తాయి. వాటిలో అనేకం డీజిల్ బండ్లు. బండి నడిపేవాడే చాలాచోట్ల బండి యజమాని; ఇంకా కిస్తులు తీరని యజమాని. చదువు ముగించి కొలువు దొరకక, పికప్ ఒకటి కొని కిరాయికి తిప్పుకుందామని ఆలోచించే యువకులు మన మధ్యనే ఉన్నారు. అటువంటి వారికి రుడాల్ఫ్ డీజిల్ జీవితం కేవలం ఒక శాస్త్రజ్ఞుని కథ కాదు. అది వారి ఇంటి లెక్కలకు సంబంధించిన కథ.

రుడాల్ఫ్ డీజిల్ 1858 మార్చి 18వ తేదీన పారిస్ నగరంలో జన్మించాడు. తల్లిదండ్రులు బతుకుతెరువు కోసం అక్కడ స్థిరపడిన జర్మనులు. తండ్రి థియోడోర్ పుస్తకాలకు అట్టలు కట్టే పనివాడు. తోలు సామానులు తయారుచేసే చిన్న కార్ఖానా నడిపేవాడు. కలిమి అంతంతమాత్రం. తయారైన సరుకును తోపుడుబండి మీద పెట్టుకొని గిరాకీల ఇండ్లకు చేరవేసే పని బాలుడైన రుడాల్ఫ్‌కు అప్పగించేవారు. లోకానికి బరువులు మోసే యంత్రాన్ని ప్రసాదించినవాడు పసితనంలో తన చేతులతో సరుకు బండి తోసినవాడే. తీరిక దొరికినప్పుడు ఆ బాలుడు పారిస్‌లోని యంత్రకళల ప్రదర్శనశాలకు పోయి గంటల తరబడి గడిపేవాడు. ఫిరంగులను లాగడానికి క్యూన్యో అనే ఫ్రెంచి సైనికాధికారి 18వ శతాబ్దంలో నిర్మించిన ఆవిరి బండి ఆ ప్రదర్శనశాలలోనే ఉన్నది.

1870లో ఫ్రాన్సుకు, ప్రష్యాకు యుద్ధం వచ్చింది. జర్మను కుటుంబాలు పారిస్ విడిచిపోవలసి వచ్చింది. డీజిల్ కుటుంబం లండనుకు తరలిపోయింది. అక్కడ రోజు గడవడమే కష్టం కాగా, పన్నెండేండ్ల రుడాల్ఫ్‌ను జర్మనీలోని ఆగ్స్‌బర్గ్ పట్టణంలో బంధువుల ఇంటికి పంపించారు. ఆ ఇంటి పెద్ద క్రిస్టోఫ్ బార్నికెల్ వృత్తివిద్యా పాఠశాలలో గణితం బోధించే ఉపాధ్యాయుడు. ఆయన నీడలో రుడాల్ఫ్ చదువు గాడిన పడింది. పద్నాలుగేండ్ల వయసులోనే తాను ఇంజనీరు కాగలనని నిశ్చయించుకొని తల్లిదండ్రులకు ఉత్తరం వ్రాశాడు. పాఠశాలలో ప్రథముడై నిలిచాడు. 1875లో విద్యార్థివేతనంతో మ్యూనిక్ పాలిటెక్నిక్‌లో ప్రవేశించాడు. 1879లో టైఫాయిడ్ జ్వరం వచ్చి తోటివారితో కలిసి పరీక్షకు కూర్చోలేకపోయినా, 1880 జనవరిలో పరీక్ష వ్రాసి అత్యున్నత స్థాయిలో ఉత్తీర్ణుడయ్యాడు. వేతనం మీద చదువుకునే బీద విద్యార్థులకు ఈ ఘట్టం ధైర్యం చెప్పగలదు.

మ్యూనిక్‌లో ఆయన గురువు కార్ల్ ఫాన్ లిండే. శీతలీకరణ యంత్రాల నిర్మాణంలో ఆయన అగ్రగణ్యుడు. ఆనాటి ఆవిరి యంత్రాలు, బొగ్గును మండించగా వచ్చే వేడిలో పదోవంతును కూడా సరిగా పనిగా మార్చలేకపోతున్నాయని లిండే తరగతిలో బోధించేవాడు. పదిపాళ్ళ వేడిలో తొమ్మిదిపాళ్ళు పొగగొట్టం పాలవుతున్నదన్న ఆ లెక్క యువకుడైన డీజిల్ మనస్సులో నాటుకుపోయింది. ఆ దుబారాను ఆపాలన్నదే ఆయన జీవిత లక్ష్యమైంది.

ఈ లక్ష్యం వెనుక యంత్రశాస్త్రం ఒక్కటే కాదు, ఒక సామాజిక చింతన కూడా ఉన్నది. ఆవిరి యంత్రం పెద్దది, ఖరీదైనది. బాయిలరు, పొగగొట్టం, బొగ్గు గుట్ట, కాపలా మనిషి ఇవన్నీ ఉంటేగాని అది నడవదు. అందువల్ల శక్తి అంతా పెద్ద కార్ఖానాల యజమానుల చేతిలోకి పోయి, చేనేతవాడు, వడ్రంగి, కంసాలి వంటి చిన్న పనివారు చితికిపోయారు. తన తండ్రి వంటి చిన్న వృత్తిదారుని ఇంట, కొద్దిపాటి ఖర్చుతో నడిచే ఇంజను ఒకటి ఉంటే అతడు ఎవరికీ ఊడిగం చేయనక్కరలేదని డీజిల్ ఆలోచించాడు. నేడు సొంత బండి ఉంటే ఒకరి క్రింద పని చేయనక్కరలేదని తలచే మన యువకుని ఆశ, ఆనాటి డీజిల్ ఆశ ఒక్కటే.

చదువు తరువాత ఆయన లిండే సంస్థలో చేరి పారిస్‌లో మంచు కార్ఖానాల పని చూశాడు. 1883లో మార్తా ఫ్లాషేను వివాహమాడాడు. వారికి ముగ్గురు సంతానం. ఉద్యోగం చేస్తూనే ప్రయోగాలు సాగించాడు. అమోనియా ఆవిరితో నడిచే ఇంజను ఒకటి ప్రయోగ సమయంలో పేలి ఆయన చాలాకాలం ఆసుపత్రిలో ఉండవలసి వచ్చింది. అయినా పట్టు విడువలేదు. 1892 ఫిబ్రవరిలో తన నూతన ఇంజనుకు పేటెంటు కోరుతూ బెర్లిన్‌లో దరఖాస్తు సమర్పించాడు. మరుసటి సంవత్సరం పేటెంటు లభించింది.

ఆ ఇంజనులోని కీలకం చెప్పడానికి సులభమే. సైకిలు పంపు కొట్టినప్పుడు దాని అడుగుభాగం వేడెక్కడం మనకందరికీ తెలుసు. గాలిని బిగించి నొక్కితే వేడి పుడుతుంది. సిలిండరులో గాలిని ఎంతగానో నొక్కి, అది ఎర్రగా కాలిన ఇనుము వలె వేడెక్కిన క్షణంలో నూనెను చిమ్మితే, నిప్పురవ్వ అవసరం లేకుండానే నూనె దానంతట అదే మండుతుంది. పెట్రోలు ఇంజనుకు స్పార్క్ ప్లగ్గు కావాలి. డీజిల్ ఇంజనుకు అక్కరలేదు. గాలిని ఎక్కువగా నొక్కడం వల్ల ఇంధనం నుంచి ఎక్కువ పని రాబట్టవచ్చు. బరువు లాగే బండికి ఈ ఇంజను అనువుగా ఉండడానికి మూలం ఇదే.

చెప్పినంత సులభంగా చేయడం సాగలేదు. ఆగ్స్‌బర్గ్‌లోని యంత్రకర్మాగారం అధిపతి హైన్రిఖ్ ఫాన్ బుట్స్ ఆయనకు అండగా నిలిచాడు. 1893 ఆగస్టు 10న జరిగిన మొదటి ప్రయోగంలో ఒత్తిడిని కొలిచే సాధనం పగిలి ముక్కలు ఎగిరిపడ్డాయి. అయితే నూనె దానంతట అదే మండినదన్న సంగతి రుజువైంది. 1894 ఫిబ్రవరి 17న ఇంజను తన శక్తితో తాను సుమారు ఒక నిమిషం తిరిగింది. ఆ ఒక్క నిమిషాన్ని నమ్ముకొని ఇంకా మూడేండ్లు శ్రమించాడు. 1897 ఫిబ్రవరిలో ఆచార్య ష్రోటర్ జరిపిన అధికారిక పరీక్షలో ఆ ఇంజను ఇంధనపు వేడిలో 26 శాతానికి మించి పనిగా మార్చింది. నాటి మంచి ఆవిరి యంత్రాల సామర్థ్యానికి ఇది రెట్టింపు కంటే ఎక్కువ.

కీర్తి వచ్చింది, వెంటనే ధనమూ వచ్చింది. అమెరికా దేశపు హక్కులను సెయింట్ లూయిస్ నగరానికి చెందిన అడాల్ఫస్ బుష్ పది లక్షల మార్కులకు కొన్నాడు. ఐరోపా దేశాల సంస్థలు ఒకదాని వెంట ఒకటి ఒప్పందాలు చేసుకున్నాయి. నలభై ఏండ్లకే డీజిల్ లక్షాధికారి అయ్యాడు. మ్యూనిక్‌లో రాజభవనం వంటి ఇల్లు కట్టించాడు. ఇక్కడి నుంచే ఆయన జీవితంలో నీడ మొదలైంది. ఇంజనులో ఒక్క పాలు వేడి వృథా పోతే సహించలేని మనిషి, చేతికి వచ్చిన ధనం ఎటు పోతున్నదో చూచుకోలేదు. నూనె బావులలో, భూముల బేరాలలో పెట్టుబడులు పెట్టి నష్టపోయాడు. పేటెంటు వ్యాజ్యాలు తలనొప్పి తెచ్చాయి. తొలినాళ్ళలో అమ్మిన ఇంజనులు చెడిపోయి తిరిగి రావడం మరింత దిగులు కలిగించింది. తీవ్రమైన తలనొప్పితో, మానసిక అలసటతో కొంతకాలం ఆరోగ్యాలయంలో ఉండవలసి వచ్చింది.

ఇంత కష్టంలోనూ ఆయన యంత్రం దిగ్విజయం చేసింది. 1900 సంవత్సరంలో పారిస్‌లో జరిగిన ప్రపంచ ప్రదర్శనలో దానికి అత్యున్నత బహుమతి లభించింది. ఆ ప్రదర్శనలోనే ఒక చిన్న డీజిల్ ఇంజనును వేరుశనగ నూనెతో నడిపి చూపించారు. రాయలసీమలోను, పాలమూరు ప్రాంతంలోను వేరుశనగ పండించే మన రైతులకు ఈ విషయం విశేషంగా తోచకమానదు. బొగ్గు, రాతినూనె లేని దేశాలు తమ పొలంలో పండిన నూనెతోనే యంత్రాలు నడుపుకోవచ్చునన్న ఆలోచన డీజిల్‌ను విడువలేదు. తన చివరి సంవత్సరాలలో కూడా ఆయన ఈ సంగతిని ప్రస్తావించాడు.

1903లో ఆయన సంఘీభావాన్ని గురించి ఒక పుస్తకం ప్రకటించాడు. పనివారు ప్రతి ఒక్కరూ రోజుకు అతి స్వల్పమైన సొమ్మును ఒక ఉమ్మడి నిధిలో వేయాలి. ఆ నిధి హామీగా నిలిచి పనివారే యజమానులుగా పరిశ్రమలు నడవాలి. తేనెపట్టులో ఈగలు కలిసి పనిచేసినట్లు మనుషులు కలిసి పనిచేయాలి. ఇది ఆ గ్రంథ సారాంశం. ఇంజను కంటే ఈ ఆలోచననే తన గొప్ప కృషిగా ఆయన భావించుకున్నాడని చెబుతారు. పుస్తకం మాత్రం అచ్చయిన ప్రతులలో కొన్ని వందలకు మించి అమ్ముడుపోలేదు. యంత్రాన్ని కొనడానికి ఎగబడిన లోకం ఆ మాటను కొనడానికి ముందుకు రాలేదు.

1912లో డెన్మార్క్ దేశపు సెలాండియా ఓడ డీజిల్ ఇంజనులతో మహాసముద్రాలు దాటి పేరు పొందింది. లోకం ఆయనను కొనియాడుతూ ఉండగా ఇంట్లో మాత్రం అప్పులు పేరుకుపోతున్నాయి. వడ్డీ కట్టడానికి క్రొత్త అప్పు, ఆ అప్పు తీర్చడానికి మరొక అప్పు కావలసి వచ్చింది. పైకి భవనం, లోపల శూన్యం. 1913 సెప్టెంబరు 29 సాయంకాలం ఆయన ఇంగ్లండులో ఒక డీజిల్ కంపెనీ సమావేశానికి పోవడానికై బెల్జియంలోని ఆంట్వెర్ప్ రేవులో డ్రెస్డెన్ అనే ఓడ ఎక్కాడు. మిత్రులతో కలిసి భోజనం చేశాడు. ఉదయం ఆరుంబావుకు లేపమని చెప్పి రాత్రి పదిగంటల వేళ గదికి వెళ్ళాడు. తెల్లవారి చూస్తే పక్క నలగలేదు. ఓడ పైభాగాన ఆయన టోపీ, కోటు కనిపించాయి. సుమారు పదిరోజుల తరువాత ఒక డచ్చి పడవవారికి సముద్రంలో ఒక శవం దొరికింది. దాని మీది వస్తువులను ఆయన కుమారుడు గుర్తించాడు. బ్యాంకు ఖాతాలు ఖాళీ అయి, ఋణదాతలు తలుపు తట్టబోతున్న సంగతి ఆ తరువాత కుటుంబానికి తెలియవచ్చింది. హత్య అని కొందరు అనుమానించినా, అప్పుల బాధ తాళలేక ఆయన తనంత తానే ప్రాణం విడిచాడని చరిత్రకారులలో చాలామంది అభిప్రాయం. అప్పటికి ఆయన వయస్సు 55 ఏండ్లు మాత్రమే.

ఆయన కోరుకున్న చిన్న ఇంజను ఆయన కన్ను మూసిన తరువాతనే వచ్చింది. డీజిల్ నిర్మించిన ఇంజనులో నూనెను గాలితో చిమ్మించేవారు. అందుకు వేరే కంప్రెసరు కావాలి. అంత బరువును బండి మీద ఎక్కించడం సాధ్యం కాలేదు. అందుచేత ఓడలకు, విద్యుత్ కేంద్రాలకు, మిల్లులకే అది పరిమితమైంది. నూనెను పంపు ద్వారా నేరుగా చిమ్మే పద్ధతి పక్వమయ్యాక 1920వ దశకంలో జర్మనీలో డీజిల్ లారీలు తయారయ్యాయి. 1927లో బాష్ కంపెనీ ఇంజెక్షను పంపులను పెద్దఎత్తున తయారుచేయడంతో దారి పూర్తిగా సుగమమైంది.

మన ప్రాంతానికీ ఈ చరిత్రలో చోటున్నది. నిజాం కాలంలో 1942లో నెలకొన్న హైదరాబాద్ ఆల్విన్ సంస్థ 1980వ దశకంలో జపాను నిస్సాన్ సహకారంతో జహీరాబాదులో చిన్న డీజిల్ లారీలను తయారుచేసింది. తరువాత ఆ కార్ఖానా మహీంద్రా సంస్థ చేతికి వచ్చింది. ఆ మహీంద్రా సంస్థ 1945లో మహీంద్రా అండ్ మహమ్మద్ పేరుతో ప్రారంభమైనది. అందులోని మహమ్మద్, నిజాం ప్రభుత్వంలో ఆర్థికశాఖ చూసిన గులాం మహమ్మద్ గారే. దేశవిభజన తరువాత ఆయన పాకిస్తానుకు వెళ్ళి అక్కడ గవర్నర్ జనరల్ అయ్యాడు. 2005లో టాటా వారి ఏస్ బండి వచ్చిన తరువాత చిన్న డీజిల్ బండి సందుగొందులకు కూడా చేరింది. ఈ విధంగా డీజిల్ కలగన్న చిన్న మనిషి చేతికి ఇంజను అందింది. అయితే దానితోపాటు డీజిల్‌ను ముంచిన అప్పు కూడా అతని చేతికే అందింది.

బండి కొనదలచినవారు ముందుగా ఒక చిన్న లెక్క వేసుకోవాలి. ఉదాహరణకు 8 లక్షల రూపాయల అప్పు, సాలుకు 12 శాతం వడ్డీ, 60 నెలల గడువు అనుకుందాం. నెలకు కిస్తు సుమారు 17,800 రూపాయలు అవుతుంది. అయిదేండ్లలో కట్టేది 10 లక్షల 67 వేల పైచిలుకు. అందులో వడ్డీయే 2 లక్షల 67 వేలు. నెలకు 26 రోజులు బండి తిరిగితే, ప్రొద్దున తాళం తిప్పేటప్పటికే ఆ రోజు తలమీద 685 రూపాయల భారం ఉన్నట్లు. డీజిల్, టైర్లు, ఇన్సూరెన్సు, మరమ్మతు, హమాలీ, చివరకు ఇంటి ఖర్చు ఇవన్నీ దాని తరువాతివి. రోజుకు 100 కిలోమీటర్లు తిరిగి లీటరుకు 12 కిలోమీటర్లు ఇచ్చే బండి నెలకు సుమారు 217 లీటర్లు త్రాగుతుంది. లీటరు ధర పది రూపాయలు పెరిగితే నెలకు 2,170 రూపాయలు జేబు నుంచి పోతాయి. 2014 అక్టోబరు నుంచి డీజిల్ ధర మీద ప్రభుత్వ నియంత్రణ తొలగింది కనుక, కిరాయి మాట్లాడేటప్పుడు ఈ సంగతి మరువరాదు. ఇందులో బండి నిలిచిపోయే రోజుల కోసం రెండు మూడు కిస్తుల సొమ్ము ముందే వేరుగా దాచలేనివారు ఇంకొంతకాలం ఆగి కొనడమే మేలని మా అభిప్రాయం.

వాడిన బండి కొనేవారు ఇంకా జాగ్రత్తగా ఉండాలి. పొగ నల్లగా వస్తే ఇంధనం సరిగా కాలడం లేదని అర్థం. నీలంగా వస్తే ఇంజను ఆయిలు కాలిపోతున్నదని అర్థం. ఇంజను వేడెక్కిన తరువాత కూడా తెల్లపొగ ఆగకపోతే అది మేస్త్రీకి చూపించవలసిన జబ్బు. కమాన్ కట్టలు, ఛాసిస్ మీది అతుకులు చూస్తే ఆ బండి ఎంత అధికభారం మోసిందో తెలిసిపోతుంది. రిజిస్ట్రేషను పత్రంలో అప్పు ఇచ్చిన సంస్థ పేరు ఉంటే, బాకీ తీరినట్లు ఆ సంస్థ నుంచి పత్రం తెచ్చి పేరు తీయించనిదే పైకం ఇవ్వరాదు. కిస్తు తీర్చే ఆత్రంలో అధికభారం వేయడం మరొక గోతిలో పడడమే. 2019లో సవరించిన చట్టం ప్రకారం అధికభారానికి 20,000 రూపాయల జుల్మానా, దానిపై ప్రతి అదనపు టన్నుకు 2,000 రూపాయలు చెల్లించాలి.

బోయిన్‌పల్లి మార్కెట్టులో డీజిల్ మహాశయుడు చూచి ఉంటే సంతోషించదగిన పని కూడా జరిగింది. అక్కడ మిగిలిపోయిన, కుళ్ళిపోయిన కూరగాయలను పారవేయక, హైదరాబాదులోని భారతీయ రసాయన సాంకేతిక సంస్థ శాస్త్రజ్ఞుల పద్ధతిని అనుసరించి వాటినుంచి వాయువును, దానితో విద్యుత్తును ఉత్పత్తి చేసే కేంద్రాన్ని నెలకొల్పారు. రోజుకు సుమారు 10 టన్నుల చెత్త నుంచి సుమారు 500 యూనిట్ల విద్యుత్తు తయారు చేయడం దాని ఉద్దేశం. 2021 జనవరిలో ప్రధానమంత్రి తన రేడియో ప్రసంగంలో దీనిని ప్రశంసించారు. వృథాను పనిగా మార్చడమన్నది డీజిల్ జీవితమంతా జపించిన మంత్రమే.

ఇక మిగిలింది ఆయన రెండవ స్వప్నం. వేలకొలది చిన్న మొత్తాలు కలిపి ఉమ్మడి హామీతో పనివాడిని యజమానిని చేయాలన్న ఆలోచన ఆనాడు ఎవరూ లక్ష్యపెట్టకపోయినా, ఆ పుస్తకం పేరైనా ఎరుగని మన పల్లెల ఆడపడుచులు పొదుపు సంఘాల రూపంలో దానిని ఆచరించి చూపుతున్నారు. ఒక్కొక్కడు ఒంటరిగా హెచ్చు వడ్డీకి అప్పుచేసి ఒక్కొక్క బండి కొనే బదులు, ఒకే మార్కెట్టుకు సరుకు తోలే నలుగురు యువకులు కలిసి పొదుపు చేసి, ఒకరి కష్టంలో మరొకరు కిస్తు ఆదుకునేటట్లు ఏర్పాటు చేసుకుంటే ఎంత బాగుంటుంది! అప్పు చేయడం తప్పు కాదు. లెక్క లేకుండా చేయడం, చేసినదాన్ని ఇంటివారి దగ్గర దాచడం ప్రమాదం. తన దిగులును ఎవరితోనూ పంచుకోక డీజిల్ ఒంటరిగా సముద్రం పాలయ్యాడు. కిస్తు తప్పినవాడు ముందుగా ఆ మాట ఇంట్లో చెప్పాలి, తరువాత అప్పు ఇచ్చినవారి వద్దకు పోయి గడువు కోరాలి. మా సోదర విద్యార్థులు ఇంజను పనితనాన్ని డీజిల్ విజయం నుంచి, ఇంటి లెక్కను ఆయన వైఫల్యం నుంచి నేర్చుకొందురు గాక.